ఆకు వీపు

‘చేనుకబురు’ అనే ఇంటర్నెట్ పేజీ అడుగున తన ఫోను నంబరు పెట్టి నాలుగు నెలలైంది. ఒక్కసారీ మోగలేదు. అందుకే సోమవారం పొద్దున పప్పుకి పోపు వేస్తుండగా ఫోను మోగేసరికి జ్ఞానప్రసూనాంబ గుండె గుభేలుమంది. వేళకాని వేళ ఫోను మోగిందంటే ఎవరో ఒకరు వెళ్లిపోయారని ఆమె లెక్క. చెల్లెలు పోయిన కబురూ అలాగే వచ్చింది, ఇరవయ్యారేళ్లు పనిచేసిన ప్రెస్సు మూతపడిన కబురూ అలాగే వచ్చింది.

చెయ్యి కొంగుకు తుడుచుకుని ఫోను తీసింది.

“అమ్మా, బొమ్మలకి మాటలు రాసేది మీరేనాండీ?” మగ గొంతు. కాస్త గట్టిగా, పొలం గట్టు మీద నిలబడి మాట్లాడేవాళ్ల గొంతు.

“ఔనండీ. మీరు?”

“నా పేరు బుల్లయ్యండీ. దర్శి పక్కన మాది. కళ్లు కనపడక ఎనిమిదేళ్లయింది. మీ ‘చేనుకబురు’ పేజీ ఫోన్లో పెట్టుకుని వింటా ఉంటా. మిగతా చోట్ల బొమ్మొస్తే ఫోను ‘ఫోటో’ అని ఊరుకుంటదమ్మా. ఫోటో, ఫోటో, ఫోటో... భోజనానికి పిలిచి, విస్తరేసి, వడ్డించకుండా పోయినట్టుంటది. మీ పేజీలోనే బొమ్మలో ఏముందో చెప్తది.”

ఆమెకు నవ్వూ వచ్చింది, కళ్లలో నీళ్లూ తిరిగాయి. గుంటూరులో కూర్చుని ఆ పేజీ నడిపే చైతన్యకృష్ణ ఈ పనిని ఆల్ట్ టెక్స్ట్ అంటాడు. ఒక్కో బొమ్మ వెనక నాలుగు వాక్యాలు రాసి దాచాలి. చూసేవాళ్లకు అవి కనపడవు. చూపు లేనివాళ్ల ఫోను మాత్రం వాటిని చదివి వినిపిస్తుంది. పర్చూరులో ఈ వంటింటి పక్క గదిలో కూర్చుని ఇప్పటికి నలభై ఏడు బొమ్మలకు రాసింది. వాటిని ఒక మనిషి నిజంగా విన్నాడని తెలియడం ఇదే మొదలు.

“ఒక్క సంగతి అడుగుదామని చేశానమ్మా,” అన్నాడు బుల్లయ్య. “మిరప తెగుళ్ల దగ్గర మొదటి బొమ్మ. ఆకు అంచులు కిందకి ముడుచుకుని బోర్లించిన దోనెలా ఉందని రాశారు. మా తోటలో ఆకు చేత్తో పట్టుకుంటే అచ్చం అట్టానే ఉంది. ఆ బొమ్మ నొక్కితే ఏ మందు చెప్పిందో అదే కొట్టించా. రెండు దఫాలు. పదహారు రోజులైంది. చిగురు మాడతానే ఉంది, పూత రాలతానే ఉంది. మీ మాట తప్పని కాదు తల్లీ. నా చెయ్యే తప్పు చెప్పిందేమోనని. ఒక్కసారి ఆ బొమ్మ చూసి చెప్తారా?”

“చుట్టుపక్కల రైతులెవరినీ అడగలేదా?”

“అడిగితే మా తమ్ముడి దాకా పోద్దమ్మా. మేం పొగాకోళ్లం. మిరప ఎయ్యటం ఇదే మొదలు. ఈ ఒక్క తోటా నిలబెట్టుకుంటే సరి, లేకపోతే రెండెకరాలూ కౌలుకిచ్చి ఇంట్లో కూర్చోమన్నాడు వాడు. సరేనని మాటిచ్చా. కళ్లు లేకుండా దున్నటం చాతనయిందిగానీ అమ్మా, కూర్చోటం చాతకాదు నాకు.”

“చూసి సాయంత్రంలోగా నేనే చేస్తానండీ,” అంది ఆమె.

పొయ్యి మీద పోపు మాడిపోయింది.

*

ఆమె ఏది రాసినా ముందు పొడుగాటి నోటుపుస్తకంలో సిరాతో రాసుకుంటుంది. తరవాతే కంప్యూటరులోకి ఎక్కిస్తుంది. ప్రెస్సులో ప్రూఫులు దిద్దిన చేతికి కాగితం లేకపోతే ఊపిరాడదు. ఆ పుస్తకం తీసి మొదటి బొమ్మ కింద రాసుకున్నది చదివింది. అక్షరదోషం లేదు. తెర మీద బొమ్మ చూసింది. ఎవరిదో చెయ్యి, వేళ్ల మధ్య ఆకు. అంచులు కిందకే ఉన్నాయి. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసింది. కిందకే.

“ఏందమ్మగారూ, తోటకూర తెచ్చి అరగంటైంది. బేరం చెయ్యకుండా ఆ పెట్టెలో మొహం పెట్టారు?” వసారాలో గంప దించుకుని కూర్చుంది జానీబీ. రోజూ ఆకుకూరలు తెస్తుంది, మిరప కోతల కాలంలో కూలికి పోతుంది.

“ఇటు రా జానీబీ. ఈ ఆకు ఎటు ముడుచుకుంది?”

జానీబీ గుమ్మం దగ్గరే మెడ చాపి చూసింది. “పైకి.”

“పైకేమిటే! కిందకి కదూ?”

“అది ఆకు వీపమ్మగారూ! అడుగున పురుగు కనపడాలని ఎవడో తిరగేసి పట్టుకున్నాడు. ఆ ఈనెలు చూడండి, ఎట్టా ఉబ్బి ఉన్నాయో. వెన్నుపూస వీపుకుంటదా, మొహానికుంటదా?” జానీబీ పకపకా నవ్వింది. “ఇంత చదువు చదివి ఆకుకి ముందేదో వెనకేదో తెలీకపోతే ఎట్టాగండీ. ఇది పై ముడత. తామర పురుగుది. కింది ముడతయితే నల్లిది. దాని మందు వేరు, దీని మందు వేరు.”

“దీని మందు దానికి కొడితే?”

“నల్లికి పండగే. పిల్లల్ని కని చేనంతా కాపురం పెడతది.”

ప్రసూనాంబ నోటుపుస్తకంలో పేజీ తిప్పింది. రెండో బొమ్మ నల్లి పట్టిన ఆకుది. దానికి ఆకు రంగు రాసింది, కాడ ఎలుక తోకలా సాగిన సంగతి రాసింది. ఎటు ముడుచుకుందో రాయనే లేదు. మొదటి బొమ్మ దగ్గరే అన్నీ కుదిరిన మనిషి రెండో బొమ్మ దాకా ఎందుకు పోతాడు?

“ఇప్పుడు సరైన మందు కొడితే బతుకుతుందా తోట?”

“ఎందుకు బతకదు? మిరప చెట్టు మొండిదమ్మగారూ. వారం పది రోజుల్లో మళ్లీ చిగురేస్తది.” జానీబీ కట్ట కట్టిన తోటకూర గడప మీద పెట్టింది. “ఎవరి తోటండీ?”

ఆమె అప్పటికే చైతన్యకృష్ణ నంబరు నొక్కుతోంది.

*

“మార్చేయండి అమ్మా. ఒక్క మాటేగా,” అన్నాడు చైతన్యకృష్ణ.

“మాట మారుస్తాను బాబూ. ఆ రైతు సంగతి అడుగుతున్నాను. ఫోన్ చేసి చెప్పేస్తాను.”

“వద్దొద్దు. ఆ పని మాత్రం చెయ్యకండి. తప్పు మనదని మనమే ఒప్పుకున్నట్టవుతుంది. రేపు ఆయన పంట పోయిందని మన మీదకొస్తే?” అతను గొంతు తగ్గించాడు. “మీతో చెప్పకూడదుగానీ, ఈ వారమే పేజీకి పైవాళ్ల పరీక్ష ఉంది. ప్రతి బొమ్మకీ మాటలుంటే పచ్చ గుర్తు పడుతుంది. అంతవరకే వాళ్లకు కావాలి. లోపల ఏం రాశామో ఎవరూ చదవరమ్మా.”

“ఒకాయన విన్నాడుగా.”

“ఇదంతా పైకి తెలిస్తే ఈ రాసే పని యంత్రానికే ఇచ్చేద్దామంటారు. మీకోసమే చెప్తున్నాను.”

“పోనీ, ఇక్కడ తప్పు పడింది, దిద్దాం అని పేజీలో ఎక్కడైనా...”

“పేజీకి తప్పొప్పుల పట్టికేంటమ్మా!” అతను నవ్వాడు. మంచి పిల్లాడే. నవ్వులో వెటకారం లేదు.

ఆమె తెర మీద ‘కిందకి’ అన్నది కొట్టేసి ‘పైకి’ అని రాసింది. ‘బోర్లించిన’ తీసేసింది. రెండో బొమ్మకు ‘కిందకి ముడుచుకుని’ అని చేర్చింది. ప్రెస్సులో తప్పు దిద్దితే ఎర్ర సిరా మిగిలేది, ఎవరు దిద్దారో చిన్న పొడి సంతకం మిగిలేది. ఇక్కడ ఏమీ మిగల్లేదు. ఆ మాట మొదటినుంచీ అలాగే ఉన్నట్టుంది.

సాయంత్రమైంది. ఫోను చేతిలోకి తీసుకుంది. బుల్లయ్య నంబరు కనపడుతూనే ఉంది. చేస్తే ఏమవుతుంది? పని పోతుంది. పొద్దున లేచి కూర్చోవడానికి ఒక కుర్చీ, రాయడానికి నాలుగు వాక్యాలు పోతాయి. ప్రెస్సు మూసేసిన ఏడాది ఆమె ఈ ఇంట్లో గోడలకేసి చూస్తూ ఎలా గడిపిందో ఆమెకే తెలుసు. రేపు చేద్దాం అనుకుంది. చేనుకి ఒక్క రోజుకేమవుతుంది?

మంగళవారం ఫోను రెండుసార్లు మోగింది. అతనే. ఆమె మోగినంతసేపూ చూస్తూ నిలబడింది. బుధవారం పొద్దున మళ్లీ మోగింది. ఆమె ఫోనుని బల్ల మీద బోర్లించి పెట్టి పెరట్లోకి వెళ్లిపోయింది. బుధవారం మధ్యాహ్నం నుంచి ఇక మోగలేదు. మోగకపోవడం ఇంకా భయంగా ఉంది.

*

గురువారం సాయంత్రం అదే నంబరు నుంచి ఆడగొంతు.

“నేను బుల్లయ్య భార్యనండీ, వెంకటేశ్వరమ్మని. పోట్లాడదామని చెయ్యలేదు. పెట్టెయ్యబాకండి.”

“లేదమ్మా, చెప్పండి.”

“నిన్న మా మరిది వీరబాబు, ఇంకో నలుగురు పెద్దోళ్లు వచ్చారు. కింది ముడతకి పై ముడత మందు ఎవరు కొట్టమన్నార్రా అని అందరూ మీద పడ్డారు. ఈయన, నేను సొంతంగా కొట్టలా, పేజీ చెప్పిందే కొట్టా, వినండి అని ఫోను మధ్యలో పెట్టి వినిపించాడు. నలుగురిలో ఫోనేమో పైకి ముడుచుకుని అంది. మళ్లీ పెట్టాడు. మళ్లీ పైకి అనే అంది. అయిదుసార్లు పెట్టాడమ్మా. ఒకాయన నవ్వాడు కూడా. కళ్లు పోయినాయనుకున్నాం, చెవులు కూడా పోయినాయా బుల్లయ్యా అన్నాడు.”

ప్రసూనాంబ ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకుంది.

“అప్పుడే ఒప్పేసుకున్నాడు, కౌలుకి ఇచ్చెయ్యమని. అందుక్కాదు నేను చేసింది. రాత్రి నించీ అన్నం ముట్టలా. చేను పోయిందని ఏడవట్లేదు. నా చెవి కూడా నమ్మేదానికి లేదే, ఇంక నన్ను దేనికి నమ్ముకోమంటావు అంటన్నాడు. మీరొక్క మాట చెప్పండి చాలు. అది మొదటినించీ పైకి అనే ఉందా?”

ఎంత తేలిక ప్రశ్న. రెండు జవాబుల్లో ఒకటి చెప్పాలి.

“నేను రేపు వస్తానమ్మా,” అంది, ఊరి పేరు అడిగి రాసుకుని. “ఆయనకి చెప్పండి, వస్తున్నానని.”

ఫోను పెట్టేసి చూస్తే భర్త శేషాచలం గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎవరింట్లోనో సత్యనారాయణవ్రతం చేయించి వచ్చాడు, చేతిలో ప్రసాదం పొట్లం. ఆమె సంగతంతా చెప్పింది. అతను గుమ్మంలోనే నిలబడి విన్నాడు.

చివరికి అన్నాడు. “ఓ ఏడు మీ ప్రెస్సు పంచాంగంలో ఏకాదశి ఒకరోజు తప్పు పడితే, మూడు వేల పుస్తకాలకి వెనక అట్టలోపల సవరణ చీటీలు అంటించావు. వేళ్లు పొక్కిపోయాయి. గుర్తుందా?”

“మా యజమాని అంటించమన్నాడు కాబట్టి.”

“ఆయన అనకపోతే అంటించేదానివి కాదా ప్రసూనా?”

అతను ప్రసాదం పొట్లం ఆమె చేతిలో పెట్టి కాళ్లు కడుక్కోడానికి వెళ్లాడు.

*

శుక్రవారం మొదటి బస్సుకే బయల్దేరింది. అద్దంకిలో మారి, దర్శిలో దిగి, ఆటో ఎక్కింది. ఒళ్లో సంచీ, సంచీలో పొడుగాటి నోటుపుస్తకం. దారి పొడుగునా పత్తి చేలల్లో తెల్లగా పగిలిన కాయలు. ఆడవాళ్లు ఒడి కట్టుకుని తీస్తున్నారు. ఊరు దగ్గరపడేసరికి గాలిలో ఘాటైన పచ్చి వాసన తగిలి ఆటో డ్రైవరు తుమ్మాడు.

“తోటేదో దున్నేస్తన్నారు,” అన్నాడు.

ఊరి మొదట్లో బుల్లయ్య చేనెక్కడని అడిగితే ట్రాక్టరు చప్పుడు వైపే చూపించారు. రెండెకరాల చేలో ట్రాక్టరు వెనక రోటవేటరు తిరుగుతోంది. నడుము ఎత్తు మిరప చెట్లు దాని కిందకి పోయి ముక్కలై మట్టిలో కలిసిపోతున్నాయి. గట్టు మీద తుమ్మచెట్టు నీడలో ఒక మనిషి గొంతుక్కూర్చుని ఉన్నాడు. మొహం చేనుకేసి లేదు. చెవి ఉంది. పక్కన నిలబడ్డావిడ వెంకటేశ్వరమ్మ అయి ఉండాలి. కాస్త ఎడంగా లుంగీ ఎగ్గట్టుకుని నలభై ఏళ్ల మనిషి, వీరబాబు.

“ఇంకా నాలుగు చాళ్లుంది,” అన్నాడు బుల్లయ్య ఎవరితోనో. “ఎవరో వచ్చారే.”

“నేనండీ. పర్చూరు నుంచి. బొమ్మలకి రాసేది నేనే.”

అతను గబుక్కున లేచి నిలబడ్డాడు. నమస్కారం ఆమె ఉన్న వైపుకే పెట్టాడు.

ఆమె దారంతా కూడబలుక్కున్న మాటలు ఒక్కటీ రాలేదు. “మీరు విన్నదే నిజం,” అంది. “సోమవారం దాకా అది కిందకి అనే ఉంది. తప్పు రాసింది నేను. మీరు ఫోన్ చేశాక మార్చేశాను. మార్చి, మీతో చెప్పలేదు.”

వీరబాబు చెయ్యెత్తాడు. ట్రాక్టరు ఆగింది. చప్పుడు ఆగేసరికి చేనంతా ఒక్కసారి ఖాళీ అయినట్టనిపించింది.

“ఏంది మీరు చెప్పేది?” అన్నాడతను. “పెద్దమనిషి ముఖాన ఒకటి రాసి, తర్వాత గుట్టుగా ఇంకోటి రాస్తారా? అయిదుసార్లు వినిపించాడండీ మా అన్న. అయిదుసార్లూ మేం...” మిగతాది మింగేశాడు.

ఆమె నోటుపుస్తకం తీసింది. చదవడం మొదలుపెట్టింది. “మొదటి బొమ్మ. ఒక చేతి వేళ్ల మధ్య మిరప ఆకు...”

“...అంచులు కిందకి ముడుచుకుని, బోర్లించిన దోనెలా ఉంది,” అన్నాడు బుల్లయ్య ఆమెతో పాటే. “ఈనెలు ఉబ్బెత్తుగా తెలుస్తున్నాయి. కొన చిట్లి ఉంది.” ఒక్క అక్షరం పొల్లుపోలేదు. మొహం విప్పారింది. “విన్నావంట్రా వీరబాబూ? కిందకే. నా చెవి మంచిదేరా.”

వీరబాబు తల వంచుకుని నేలకేసి చూస్తున్నాడు. “విన్నానన్నా.”

“సోమవారమే చెప్పుంటే...” అంది వెంకటేశ్వరమ్మ. “ఆ తల్లి సోమవారమే ఒక్క మాట చెప్పుంటే...”

“ఊరుకోవే.”

అతను మళ్లీ గట్టు మీద కూర్చున్నాడు. చేత్తో తడిమి పక్కనున్న చెట్టు నుంచి ఒక ఆకు తుంచాడు. బొటనవేలితో ముందు ఒకవైపు, తర్వాత రెండోవైపు నిమిరాడు.

“ఈనెలు ఉబ్బెత్తుగా అని మీరు రాసినప్పుడే నాకు అనుమానం రావాలమ్మా,” అన్నాడు నెమ్మదిగా. “నా ఆకు మొహాన ఈనెలు ఉబ్బి లేవు. వీపునే ఉన్నాయి. వేలు చెప్తానే ఉంది. కానీ రాసినావిడ చదువుకున్నావిడ, చూసి రాసింది, ఆవిడకి తెలుసుంటదిలే అనుకున్నా. నా వేలిని నేను కాదనుకున్నా.”

ఇంతకంటే తిట్టి ఉంటే బాగుండేది. ఆమె సంచీ పక్కన పెట్టి గట్టు మీద కూర్చుంది.

“అన్నా,” అన్నాడు వీరబాబు, “ఆ నాలుగు చాళ్లూ ఉంచుదామా?”

“నాలుగు చాళ్ల తోటతో ఏం చేస్తాంరా. శనగ అదను దాటిపోతే కౌలుదారు ఊరుకుంటాడా? మూడేళ్లకి కాగితం రాసిచ్చాం. కానివ్వు.”

వీరబాబు చాలాసేపు చెయ్యెత్తలేదు. ఎత్తాక ట్రాక్టరు కదిలింది. ఆ నాలుగు చాళ్లూ పోయేదాకా బుల్లయ్య పెదాలు కదులుతూనే ఉన్నాయి. మూడు, రెండు, ఒకటి.

చప్పుడు ఆగిపోయాక అతను అడిగాడు. “నాలాగా ఇంకెంతమంది విన్నారమ్మా?”

“తెలియదండీ. తెలుసుకునే దారి లేదు.”

“వాళ్లూ ఫోను నలుగురిలో పెట్టి వినిపిస్తా ఉంటారేమో. వాళ్లకెవరు చెప్తారు, మీ చెవి మంచిదేనని?”

వెంకటేశ్వరమ్మ చెంబుతో మజ్జిగ తెచ్చి ఆమె ముందు పెట్టి, పక్కకు వెళ్లి నిలబడింది. ప్రసూనాంబ చెంబు రెండు చేతులా పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది.

*

శనివారం పొద్దున స్నానం చేసి, నోటుపుస్తకం తెరిచి, మొదటి బొమ్మ పక్కన కొత్త పేజీ మొదలుపెట్టింది. నాలుగుసార్లు కొట్టేసి రాసింది. అయిదోసారి రాసింది తెర మీదకి ఎక్కించింది. తరవాత ఫోనుకి మాట్లాడే ఏర్పాటు పెట్టుకుని ఆ బొమ్మ మీద వేలు ఆనించింది. ఫోను ఏ రాగమూ లేని గొంతుతో చదివింది. శేషాచలం పంచాంగం మూసి విన్నాడు.

“ఒక చేతి వేళ్ల మధ్య మిరప ఆకు. తిరగేసి పట్టుకున్నారు, కనపడుతున్నది ఆకు వీపు. అందుకే ఈనెలు ఉబ్బెత్తుగా ఉన్నాయి. అంచులు ఆకు ముఖం వైపు, అంటే పైకి, ముడుచుకుని ఉన్నాయి. నవంబరు పదిహేడో తేదీ దాకా ఇక్కడ కిందకి అని ఉండేది. అప్పుడు విన్నవాళ్లు సరిగ్గానే విన్నారు. తప్పు వాళ్ల చెవిది కాదు, వేలిది కాదు. రాసినదానిది. జ్ఞానప్రసూనాంబ, పర్చూరు.”

“ఇంకోసారి పెట్టు,” అన్నాడు శేషాచలం. ఆమె పెట్టింది.

తెర మీద ఏమీ మారలేదు. చెయ్యి, వేళ్లు, ఆకు. కళ్లున్నవాళ్లకి ఆ పేజీ నిన్నలాగే ఉంది.

సోమవారం చైతన్యకృష్ణ ఫోన్ చేశాడు. “పేజీ అంతా చూశానమ్మా. చక్కగా ఉంది. పచ్చ గుర్తు కూడా పడింది. ఆ రైతు మళ్లీ ఏమైనా...?”

“ఇక చెయ్యడు బాబూ.”

“హమ్మయ్య. ఇక మర్చిపోండి.”

ఆమె ఫోనుని బల్ల మీద వెల్లకిలా, చెయ్యి చాపితే అందేటట్టు పెట్టుకుంది. నలభై ఎనిమిదో బొమ్మ పత్తి ఆకుది. రాసే ముందు వీధిలోకి వెళ్లి, ఎదురింటివాళ్ల పెరట్లో ఉన్న పత్తి మొక్క నుంచి ఒక ఆకు అడిగి తెచ్చుకుంది. అరచేతిలో పెట్టుకుని వేలితో ఒకవైపు నిమిరి, తిప్పి రెండోవైపు నిమిరింది. మళ్లీ తిప్పింది.

మధ్యాహ్నం దాకా ఒక్క వాక్యమూ పడలేదు. ఫోనూ మళ్లీ మోగలేదు.